సీసాల మీద పేర్లు

రెబెకా నీళ్ల పరీక్షల ల్యాబులో శాంపిళ్లు తెచ్చే పనికి చేరి ఆరేళ్లయింది. ఊరూరా తిరిగి నల్లాల దగ్గర, బోరింగుల దగ్గర సీసాలు నింపాలి. వాటిని ఐసుడబ్బాలో పెట్టి ఆరు గంటలు దాటకుండా కరీంనగర్ చేర్చాలి. ఆలస్యమైతే నీళ్లలో ఉన్న కంటికి కనిపించని పురుగు పెరగనూ వచ్చు, చావనూ వచ్చు. ఏది జరిగినా పరీక్ష అబద్ధమే చెబుతుంది. ఆరేళ్లలో తను తెచ్చిన సీసా పనికిరాదని ఎవరూ పక్కన పెట్టలేదు. ఆ సంగతి పైకి చెప్పుకోకపోయినా ఆమెకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ గర్వం ఒక మంగళవారం నాడు దిగిపోయింది.

మెట్‌పల్లి దాటి పది కిలోమీటర్లు పోతే గుట్టకిందిపల్లె వస్తుంది. అది రెబెకా తల్లి పుట్టిన ఊరు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మంచినీళ్ల పైపు పగిలి, ఇరవై రోజులుగా ఊళ్లో నల్లాలు ఎండిపోయి ఉన్నాయి. కింది వాడ వాళ్లు రెండు చోట్ల నుంచి నీళ్లు మోసుకుంటున్నారు. ఒకటి చర్చి పక్కనున్న బోరింగు. రెండోది ఊరి దొర శ్రీధర్‌రావు తన సొంత బోరు నీళ్లతో ఇంటి ప్రహరీ బయట జనం కోసం పెట్టించిన నల్లా. వారం తిరగకుండా ఆ వాడలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కనకవ్వ అనే ముసలావిడనైతే మెట్‌పల్లి ఆసుపత్రిలో పెట్టి సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. రెండు చోట్లా నీళ్లు పట్టుకు రమ్మని ల్యాబు పెద్ద మమతారాణి రెబెకాను పంపింది.

రెబెకా ముందు బోరింగు దగ్గరికి పోయింది. చాలాసేపు కొట్టించి పాత నీళ్లు వదిలేసింది. స్పిరిటు దూది అంటించి బోరింగు మూతిని మంటతో కాల్చింది. సీసాను అడుగున పట్టుకుని, మూత లోపలి భాగం వేలికి తగలకుండా, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి నింపింది. శ్రీధర్‌రావు నల్లా దగ్గరా అంతే చేసింది. శాంపిళ్ల మీద పేర్లు రాసే నల్ల మార్కరు ఆ పొద్దునే ఎండిపోయి గీత పడలేదు. సంచిలో ఉన్న నీలం జెల్లు పెన్నుతో చీటీల మీద రాసి సీసాలకు అంటించింది. పది గంటల పది నిమిషాలు అని టైము కూడా వేసింది.

ల్యాబు జీపు మరమ్మతులో ఉంది. ఆటోలో మెట్‌పల్లి చేరి కరీంనగర్ బస్సెక్కింది. మంగళవారం కావడంతో కొండగట్టు అంజన్నకు పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. కాళ్ల దగ్గర పెట్టుకున్న ఐసుడబ్బాను కండక్టర్ ఎత్తి, "జర జరుగమ్మా, మనుషులకే జాగ లేదు" అంటూ ముందుకు మోసుకుపోయి ఇంజను పక్కన పెట్టాడు. జనాన్ని తోసుకుని ముందుకు పోయే వీలు లేక రెబెకా మెడ చాచి డబ్బా వైపు చూస్తూనే కూర్చుంది.

కొండగట్టు దగ్గర బస్సు సగం ఖాళీ అయింది. ఆమె పరుగున పోయి మూత తీసింది. ఇంజను వేడికి ఐసు ముప్పావు వంతు కరిగింది. సీసాలు రెండూ ఆ నీళ్లలో పడుకుని తేలుతున్నాయి. చీటీల మీద రాసిన అక్షరాలు లేవు. నీలం మరక మాత్రం మిగిలింది, రెండింటి మీదా ఒకేలా.

రెబెకా మూత పక్కన పడేసి, ఏ సీసా ఎక్కడ పెట్టిందో గుర్తు చేసుకుంది. బోరింగు సీసా ఎడమ పక్కన, నల్లా సీసా కుడి పక్కన పెట్టింది, అందులో అనుమానం లేదు. కానీ కండక్టర్ డబ్బాను ఎత్తినప్పుడు ఎటు తిప్పాడు? డబ్బాకు నాలుగు పక్కలూ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు ఏది ఎడమ? పైగా సీసాలు తేలుతూ ఎన్నిసార్లు చోటు మారాయో. రెండింటినీ కిటికీ వెలుగులో పెట్టి చూసింది. రెండూ తేటగానే ఉన్నాయి. పక్కనున్నాయనను బాల్‌పెన్ను అడిగి, తనకు ఎక్కువ నమ్మకం అనిపించినట్టు కొత్త చీటీలు రాసి అంటించింది. దారిలో బస్సు ఆగిన చోట కొట్లో ఐసు కొని నింపింది. మూడు గంటలకు ల్యాబులో అప్పగించింది. జరిగిన సంగతి మమతారాణికి చెబుదామని నోటిదాకా వచ్చింది. "టైముకు తెచ్చినవ్, శభాష్" అని ఆమె డబ్బా అందుకునేసరికి మాట వెనక్కి పోయింది.

గురువారం సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. శ్రీధర్‌రావు నల్లా నీళ్లు పోసిన గాజు గొట్టాలు మబ్బుపట్టి గాలి బుడగలతో నిండాయి. అంటే మలంలో ఉండే పురుగు అందులో ఉంది. బోరింగు నీళ్ల గొట్టాలు తేటగానే ఉన్నాయి. ఆ కాగితం ఊరి వాట్సాప్ గ్రూపులో పడింది.

శుక్రవారం రెబెకా క్లోరిన్ బిళ్లలు పంచడానికి మళ్లీ ఊరికి పోయింది. ఆమె మేనమామ మైసయ్య చర్చి అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఆయన చర్చి పెద్ద, ముఖం వెలిగిపోతోంది.

"రా బిడ్డా, రా! మురికి మోరి పక్కకున్నదని మన బోరింగ్‌ను ఎన్నడూ తక్వ జేసే మాట్లాడిండ్రు. గిప్పుడేమాయె? దేవుడు జూపెట్టిండు."

"మామా, మోరి ఇంకా గట్లనే పారుతున్నది. గదాన్ని తీయించుండ్రి ముందుగాల."

"తీయిద్దాం తియ్. ముందుగాల కూసో, చాయ్ తాగు."

శ్రీధర్‌రావు నల్లాకు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. వాడంతా బోరింగు దగ్గరే వరుస కట్టింది. రెబెకా ఆ వరుసలోని బిందెలు లెక్కపెట్టింది. చీటీలు తారుమారై ఉంటే ఇంతమందీ తన మాట మీద చెడ్డనీళ్లు తాగుతున్నారు.

అంతకు ముందురోజే ఆసుపత్రి నుంచి వచ్చిన కనకవ్వ గడపలో కూర్చుని ఉంది. చెయ్యి మీద సూది గుచ్చిన చోట ఇంకా దూది అంటుకుని ఉంది. రెబెకాను చూసి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వే పరీచ్చ జేపిచ్చినవంట గదా. ఏ నీళ్లు తాగాలెనే నేను? బోరింగ్‌వి తాగాల్నా?"

రెబెకా క్లోరిన్ బిళ్లల పొట్లం ఆమె ఒళ్లో పెట్టింది. 

"ఏవైనా సరే పెద్దమ్మా, మసల కాగబెట్టి తాగు. పొద్దుగాల కాగబెట్టు, సల్లార్చుకో."

"గది దవాఖాన్ల గూడ జెప్పిండ్రు. నేనడిగేది ఏ నీళ్లని."

"రెండూ కాగబెట్టు" అని చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె చేసిన పని చూసి భర్త ఫిలిప్ గుమ్మంలోనే ఆగిపోయాడు. బియ్యం డబ్బా ఖాళీ చేసి, అందులో రెండు మంచినీళ్ల సీసాలు పెట్టి, డబ్బాను ఎత్తి ఇటు తిప్పి అటు తిప్పి దించుతోంది. కండక్టర్ కుడి చేత్తో పట్టుకున్నాడా, ఎడమ చేత్తోనా? ఆ మనిషి ముఖం గుర్తుంది, మీసం గుర్తుంది. చెయ్యి మాత్రం గుర్తు రావడం లేదు.

"ఏం జేస్తున్నవే?"

చెప్పేసింది. ఫిలిప్ అంతా విని ఆమె చేతుల్లోంచి డబ్బా తీసి కింద పెట్టాడు.

"సగానికి సగం కరెక్టే రాసి ఉంటవ్ గదా" అన్నాడు ఓదార్పుగా.

"సగానికి సగం అంటే ఏంది? తెల్వదన్నట్టే."

మర్నాడు ల్యాబు తెరవకముందే మెట్ల మీద కూర్చుంది. మమతారాణి బండి దిగీ దిగకముందే నిలబడి మొత్తం చెప్పింది. మార్కరు ఎండిపోయిందని, జెల్లు పెన్నని, కొండగట్టని. మధ్యలో ఆపితే మళ్లీ నోరు పెగలదని ఒక్క ఊపిరిలో చెప్పింది.

మమతారాణి హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించింది. "మంగళవారం జరిగిందాన్ని శనివారం జెప్తున్నవా?"

"తప్పయింది మేడం."

"తప్పే. గట్లాంటి సీసాలను నేను ముట్టుకోను గూడ ముట్టుకోకపోదును. పారబోసి మల్ల తెమ్మందును. గంతే అయిపోతుండె." ఆమె తాళం తీస్తూ కొంచెం ఆగింది. "జీపు వచ్చింది. పో, రెండూ మల్ల పట్టుకరా. రెండు మార్కర్లు తీస్కపో."

రెబెకా పోయింది. ఈసారి సీసాల మీదే నల్లగా రాసి, చీటీ కూడా దారంతో మెడకు కట్టింది. శ్రీధర్‌రావు బయటికి రాలేదు. ఆయన భార్య రాధాబాయి ఎర్ర గుడ్డ విప్పించి, మోటరు వేసి వచ్చింది. జీపులో డబ్బాను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది రెబెకా. బోరింగైనా నల్లా అయినా, ఏది చెడ్డదో ఈసారి తేలిపోతుంది, తన మీద పడాల్సిన నింద పడుతుంది, అంతే చాలనుకుంది.

సోమవారం ఫలితం వచ్చింది. రెండూ మంచినీళ్లే.

మమతారాణి గొట్టాలను ఒక్కొక్కటే పైకెత్తి చూసింది. రెబెకా కూడా చూసింది. బుడగ లేదు, మబ్బు లేదు.

"మరి మొన్న వచ్చింది ఏడికెల్లి వచ్చింది మేడం?"

"నన్నడుగుతవేంది? నువ్వే చెప్పాలె."

రెబెకాకు అంతా అయోమయమైపోయింది. చెడ్డది బోరింగే అయితే ఇప్పుడెందుకు బాగుంది? ఎవరైనా బ్లీచింగ్ పోశారా? నల్లాయే చెడ్డదైతే, దానికి నీళ్లిచ్చే మూడు వందల అడుగుల లోతు బోరు నాలుగు రోజుల్లో దానంతట అదే శుభ్రమవుతుందా? లేక ఆ మంగళవారం సీసా నింపేటప్పుడు తన వేలే మూతకు తగిలిందా? ఆ పదకొండు మంది దేనివల్ల పడ్డారు? ఒక ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటే దాని కింద నుంచి ఇంకోటి లేస్తోంది.

మంగళవారం ఆమె నాలుగోసారి ఊరికి పోయింది. ముందు మైసయ్యకు చెప్పింది. అసలు జరిగిందేమిటో విన్నాక ఆయన ముఖం మారిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"గీ మాట ఇంకెవ్వరికన్న జెప్పినవా?"

"మేడంకు జెప్పిన. ఇప్పుడు రావు సార్‌కు జెప్ప పోతున్న."

"పిచ్చి లేసిందా నీకు? రెండుసార్లు మన బోరింగ్ మంచిదనే వచ్చింది గదా. ఇడిసెయ్. ఆ పిల్ల ఆళ్ల పిల్లనే, కావాలనే బోరింగ్ మంచిదని రాసుకున్నదంటరు. నిన్నంటరు, నన్నంటరు, చర్చిని గూడ అంటరు."

"అంటే అననీ మామా. ఆయన నల్లాకు నా రాత మీదనే గుడ్డ గట్టిండ్రు."

మైసయ్య తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయాడు. చాయ్ తాగిపొమ్మని అనలేదు.

శ్రీధర్‌రావు వరండాలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై దగ్గరి మనిషి. ఐదు రోజులుగా ఊరి ముఖం చూడలేక ఇంటి పట్టునే ఉంటున్నాడు. రెబెకా నిలబడే చెప్పింది.

"సార్, ఆనాడు చీటీల మీది పేర్లు కరిగిపోయినయ్. మల్ల నేనే రాసిన. అటుదిటు, ఇటుదటు అయ్యుండొచ్చు. శనివారం తీస్కపోయినవి రెండూ మంచిగ వచ్చినయ్."

ఆయన లేచి నిలబడ్డాడు.  "పున్నానికి నీళ్లిస్తే, నా నీళ్లల్ల పెంట ఉన్నదని ఊరంత ఫోన్లల్ల సదువుకున్నరు. నా కోడలు హైదరాబాద్‌కెల్లి ఫోన్ జేసి అడిగింది. గిప్పుడు అయ్యుండొచ్చు అంటున్నవా?"

"అవ్ సార్."

"సరే, మరి గిప్పుడన్న చెప్పు. నా నీళ్లు మంచియేనా, కాదా?"

"తెల్వదు సార్."

ఆయన కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయినట్టు కనిపించింది. రెబెకా కళ్ల నిండా నీళ్లున్నాయి గానీ చూపు తిప్పుకోలేదు. చివరికి ఆయనే కుర్చీలో కూలబడి, "అయితే తెలుసుకో పో. మల్ల పట్టు" అన్నాడు.

రాధాబాయి మోటరు వేసింది. రెబెకా నల్లా మూతి కాల్చి, నీళ్లు వదిలి, గడియారం చూసుకుంటూ నిలబడింది. మూడు నిమిషాలు పారాలి. రెండో నిమిషంలో గోడ అవతల మోటరు చప్పుడు టక్కున ఆగింది. వరండాలో ఫ్యాను కూడా ఆగింది. కరెంటు పోయింది. రెబెకా సీసా దించి, ఇక నీళ్లు ఆగిపోతాయని చూసింది. ఆగలేదు. ధార కొంచెం సన్నబడి పారుతూనే ఉంది.

"అమ్మా, మోటర్ బందయింది గదా. నీళ్లెట్ల వస్తున్నయ్?"

"మీద ట్యాంకు లేదా? మోటర్ నడిస్తే బోరు నీళ్లు సీదా వస్తయ్. బందైతే ట్యాంకులయి దిగుతయ్" అంది రాధాబాయి, అదేం ప్రశ్న అన్నట్టు.

రెబెకా తల ఎత్తి చూసింది. పంపు గది మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. ప్రహరీ మీదికి వంగిన చెట్టు కొమ్మలు దాని అంచు కనపడనీయకుండా అడ్డంగా ఉన్నాయి.

"మొదటిసారి నేనొచ్చిన మంగళవారం కరెంటు ఉండెనా అమ్మా?"

రాధాబాయి ఆలోచించింది. "గానాడా? ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది గానాడు. పొద్దటి సంది సాయంత్రం దాక లేదు. లైన్‌మన్ లక్ష్మణ్ వచ్చి బాగు జేసేసరికి నాలుగయింది."

పాలేరు బుచ్చిరాములు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పైకి చేరగానే "అయ్యో!" అని కేక వేశాడు.

"ఏమైందిరా?" అని శ్రీధర్‌రావు వరండా దిగి వచ్చాడు.

"మూత లేదు దొరా! కోతులు పీకి అవుతల పారేసినయ్. లోపల తానాలు జేస్తున్నట్టున్నయ్. మక్క కంకులు, ఆకులు, కోతుల పెంట... వాసన కొడుతున్నది."

రెబెకా చీర కుచ్చిళ్లు బిగించి తనే నిచ్చెన ఎక్కి చూసింది. సగం కొరికిన మొక్కజొన్న కంకులు ఉబ్బి తేలుతున్నాయి. గోడలకు ఆకుపచ్చ పాచి పట్టింది. గుట్ట మీద నుంచి కోతులు మందలుగా దిగుతాయని ఆ ఊళ్లో తెలియని వాళ్లు లేరు. మూత ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరూ చూడలేదు. ఇంట్లోవాళ్లు తాగేది క్యాన్లలో కొనుక్కొచ్చే నీళ్లు. పైకెక్కి చూడాల్సిన పని ఎవరికీ పడలేదు.

కిందికి దిగి ట్యాంకు నీళ్లు పారుతున్న నల్లా కింద ఒక సీసా నింపింది. నలభై నిమిషాలకు కరెంటు వచ్చాక, మోటరు వేయించి, చాలాసేపు వదిలి ఇంకో సీసా నింపింది. బోరింగు దగ్గర మూడోది. శ్రీధర్‌రావు పక్కనే నిలబడి, ఆమె సీసాల మీద రాస్తున్న ప్రతి అక్షరాన్నీ చూశాడు.  ఆమె జీపెక్కుతుంటే, "కింది వాడల పడ్డోళ్లు ఎంతమంది?" అని అడిగాడు.

"పదకొండు మంది సార్. అందరూ లేసిండ్రు."

ఆయన తల ఊపి లోపలికి పోయాడు.

గురువారం ట్యాంకు సీసా గొట్టాలన్నీ బుడగలెత్తాయి. మిగిలిన రెండు సీసాలవీ తేటగా ఉన్నాయి. అప్పటికే శ్రీధర్‌రావు ట్యాంకు కడిగించి, మందు పోయించి, కొత్త మూత వేయించి ఇనుప తీగతో కట్టించాడని బుచ్చిరాములు ఫోన్ చేసి చెప్పాడు. తరువాత తీసిన శాంపిలు బాగుందని తేలిందాకా నల్లా గుడ్డ ఆయన విప్పనివ్వలేదు.

మమతారాణి ఫలితాలను పక్కపక్కన పెట్టుకుని చాలా రోజుల తర్వాత నవ్వింది. "చూసినవా? మొదటిసారి గూడ నువ్వు కరెక్టే రాసినవ్. ఆనాడు కరెంటు లేదు, నల్లాకు ట్యాంకు నీళ్లే వచ్చినయ్, గందుకే చెడ్డగ వచ్చింది. ఉత్తగనే పరేషాన్ అయినవ్."

రెబెకా నవ్వలేదు. "కావొచ్చు మేడం."

"కావొచ్చు ఏంది ఇంకా?"

"ఆ మొదటి రిపోర్టు కొట్టేయుండ్రి మేడం. లేబుల్ నమ్మకం లేదు, శాంపిల్ చెల్లదు అని రాయుండ్రి."

మమతారాణి కళ్లద్దాలు తీసింది. "మతి ఉండే మాట్లాడుతున్నవా? నిజమే అని తేలినంక కొట్టేసుడేంది? కొట్టేస్తే కారణం రాయాలె. కారణం రాస్తే నీకు మెమో ఇయ్యాలె."

"నేను తెలిసి రాయలే మేడం. అటో ఇటో అని రాసిన. నిజమయింది, గంతే. తెల్వక రాసింది కరెక్టెట్లయితది?" ఆమె వేళ్లు చీర చెంగును చుడుతూ విప్పుతూ ఉన్నాయి. "నిజమే అయ్యుంటది. నాక్కూడ అట్లనే అనిపిస్తున్నది. కానీ ఇంకో ఊర్ల గిట్లనే రాస్తే కాకపోవచ్చు గదా."

మమతారాణి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తరువాత రిజిస్టరు తెరిచి, ఆ మంగళవారం వరుస మీద ఎర్ర గీత గీసి, పక్కన కారణం రాసింది. మెమో టైపు చేయించడానికి అరగంట పట్టింది. అంతసేపూ రెబెకా బల్ల మీద కూర్చుని, తను చేసింది తెలివో తెలివితక్కువతనమో తేల్చుకోలేకపోయింది. మామ ఇప్పట్లో మాట్లాడడు. ఆరేళ్ల పేరు మీద ఒక ఎర్ర గీత పడింది. అయినా పది రోజులుగా ఛాతీలో అడ్డం పడి ఉన్నదేదో కాస్త జరిగి చోటిచ్చినట్టుంది. మెమో తీసుకుని, అందినట్టు సంతకం పెట్టింది. మమతారాణి ఆ కాగితం మడిచి ఫైల్లో పెడుతూ, తల ఎత్తకుండానే, "రేపు మందమర్రి దిక్కు పోవాలె. ఐసు జర ఎక్కువ ఏసుకో" అంది.